ఖాళీ క్యాసెట్

"ఇందులో సగం ఖాళీగా ఉందన్నా," అంటూ ఆసిమ్ క్యాసెట్‌ని కౌంటర్ మీద పెట్టాడు.

క్యాసెట్ల కొట్టు హేమసుందర్‌కి ఒళ్లు మండింది. ఆటోనగర్‌లో పొద్దస్తమానం లారీ బాడీల రేకులు సాగగొట్టే ఆసిమ్‌కి, వారం హుషారుగా గడవాలని రాక్, మెటల్ పాటలు ఏరి రికార్డు చేసిచ్చేది తనే.

"సోమవారానికి డ్రమ్ములు దంచేవి వేశాను. వారం చివరికి అలసట తీరేలా మెత్తటి గిటారు వేశాను. ఖాళీ ఎట్టా ఉంటది?" అని గొంతు పెంచాడు.

"ఆ గోలకి తప్ప ఈయన దేనికీ పలకరండీ," అంది ఆసిమ్ వెనక నిలబడ్డ అతని భార్య గౌసియా. "విసుగొచ్చి ఇంట్లో నేను మాట్లాడటమే మానేశాను."

ఆసిమ్ వెనక్కి తిరగలేదు.

హేమసుందర్ క్యాసెట్ రెండో వైపు తిప్పి డెక్‌లో పెట్టాడు. గిటారు ఒక్కటే సన్నగా మొదలైంది. గౌసియా తల పక్కకి వాల్చి వింది.

ఆసిమ్ తిరుగుతున్న చక్రాలనే చూస్తున్నాడు.

"చూశావా అన్నా? టేపు తిరుగుతోంది, పాట లేదు."

హేమసుందర్ చెయ్యి బటన్ మీదే ఆగిపోయింది. గిటారు మోగుతూనే ఉంది.

"అవును తమ్ముడూ, పొరపాటు నాదే," అన్నాడు గట్టిగా. "మళ్లీ డ్రమ్ములవే వేసిస్తా."

"ఏమండీ," అని గౌసియా వెనకనుంచి మెల్లగా పిలిచింది. అతను కదల్లేదు.

ఆమె చుట్టూ తిరిగి వచ్చి అతనికి ఎదురుగా నిలబడింది.

"ఇంటికి పోదామా?" అంది, ఒక్కో మాటా పెదవుల మీద అతనికి కనబడేలా.

"పద," అన్నాడు ఆసిమ్. "ఏంటి, ఇవాళ మాట్లాడుతున్నావు?"