చున్నీ కింది బేరం

“నోర్మూసుకొని నిలబడు. బేరం నేను చేస్త,” అని భార్య భాగమ్మను గద్దించాడు జంగప్ప.

మేకల వ్యాపారి సైరా నవ్వింది. తాండూరు అంగడిలో ఆమె పద్ధతి అందరికీ తెలుసు. “గట్ల కుదరదు జంగప్పన్నా. మేకను సాదినోళ్ల చేయే నేను పట్టేది. ధర చున్నీ కిందనే. మా అబ్బాజాన్ నేర్పిన యాపారం.”

“దీనికేం తెలుస్తది? సరే, కానియ్. నోరైతే తెరవద్దు.”

సైరా చూపు భాగమ్మ వాచిన కంటి మీద పడగానే, “మెట్ల మీదికెళ్లి పడ్డది,” అన్నాడు జంగప్ప.

అడగకముందే జవాబు చెప్పేవాడి సరుకులో లోపముంటుందని సైరా లెక్క.

ఇద్దరి చేతుల మీద చున్నీ పడింది. ఎన్నిసార్లు వేలు నొక్కితే అంత అంకె. సైరా తన ధర చెప్పింది. భాగమ్మ వేలు మూడంకెలు చెప్పి ఆగింది. సైరా నొసలు ముడిచింది. ఏ మేకకూ ఆ ధర లేదు. మళ్లీ తన ధరే నొక్కింది. భాగమ్మ మళ్లీ ఆ మూడంకెలే నొక్కింది, ఈసారి గోరు దిగేలా.

సైరా చూపు మళ్లీ ఆ వాచిన కంటి మీదికి పోయింది. అంగడిలో ఎన్ని చేతులు పట్టిందో! ఆశపడే చేయి వణికేది, అబద్ధమాడే చేయి చెమర్చేది. మొగుడు మూరెడు దూరంలో నిలబడి ఉండగా ఈ చేయి మాత్రం బండరాయిలా కదలలేదు.

“ఎంతంటది?” జంగప్ప తొందరపడ్డాడు.

“మస్తు చెప్తున్నది. నా ఒక్కదానితోని కాదు, పెద్దోళ్లను పిలుస్త. నువ్వు జర చాయ్ తాగి రా అన్నా.” సైరా ఫోన్ తీసింది.

మేకకు ఇంత గిరాకీనా అని మురిసిపోతూ వెళ్లిన జంగప్ప, చాయ్ మీద చాయ్ తాగి గంట తర్వాత తిరిగొచ్చేసరికి అంగడి గేటు దగ్గర జీపు ఆగి ఉంది. పక్కన ఒక మహిళా కానిస్టేబుల్. మేక తాడు చేతికి చుట్టుకుని భాగమ్మ జీపెక్కుతోంది.

“మీది బొంరాస్‌పేట అయినా ఫికర్ లేదమ్మా. కంప్లైంట్ ఏ ఠాణాలనైనా రాసుకోవాలె. వకీలు ఫుకట్, పైస ఇచ్చేది లేదు. ఉండనీకి జాగ మేమిస్తం,” అంటోంది వికారాబాద్ సఖి కేంద్రం నుంచి వచ్చిన పద్మారాణి.

జంగప్ప ఉరికొచ్చాడు. “ఎవరు పిలిచిన్రు వీళ్లను? దీని ఫోన్ నా జేబుల ఉన్నది! ఇది నోరే తెరవలే!”

“నువ్వు చూస్తుండంగనే పిలిచింది అన్నా,” అంటూ సైరా రెండు చేతులూ ఎత్తి వేళ్లు చూపించింది. ఒకటి. ఎనిమిది. ఒకటి.

జీపు తలుపు మీద ‘మహిళా హెల్ప్‌లైన్’ అన్న అక్షరాల కింద ఉన్నవీ ఆ మూడంకెలే.