పదిహేడో నంబరు

“చెయ్యి తియ్యి పెద్దాయనా. రంగు పోద్ది.”

కోటిబాబు గద్దించేసరికి ముసలాయన కారు మీంచి చెయ్యి తీసేశాడు.

నిజానికి ఆ కారు కోటిబాబుది కాదు. ఇంకా కాలేదు. శనివారం సాయంత్రం నాలుగింటికి ఆన్‌లైన్ వేలం ముగిస్తే గానీ ఎవరిదో తేలదు. ఈలోగా కావాలంటే బుధవారం బాపట్లలో కారు ఉంచిన యార్డుకి వచ్చి చూసుకోవచ్చన్నారు. అతను తెల్లవారగానే తెనాలిలో బస్సెక్కి వచ్చేశాడు.

1969 నాటి అమెరికా కారు, ముస్టాంగ్. ముదురాకుపచ్చ రంగు. స్టీరింగు ఎడమవైపు. రేపల్లెలో ఒక రైసుమిల్లు యజమాని దాన్ని ఎప్పుడో మద్రాసులో ఒక అమెరికా దొర దగ్గర కొన్నాడు. ఇరవై ఏళ్లు గోడౌన్‌లో తుప్పు పట్టించి, ఆనక మనసు మారి బాగుచేయించాడు. ఆయన పోయాక వారసులు వేలానికి పెట్టారు.

పదేళ్ల వయసులో కోటిబాబు ఆ కారుని రేపల్లె రైలుగేటు దగ్గర చూశాడు. ముప్పై అయిదేళ్లయినా ఆ ఇంజను చప్పుడు చెవిలోంచి పోలేదు. ఇప్పుడతను తెనాలిలో పెళ్లిళ్లకు కార్లు అద్దెకిస్తాడు. దీనికోసం ఉన్న మూడు కార్లలో రెండు అమ్మేశాడు. భార్య దుర్గాభవాని అప్పట్నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు.

ముసలాయన ఇంకా అక్కడే నిలబడ్డాడు. మాసిన చొక్కా, అరిగిపోయిన చెప్పులు.

“కొంటానికి వచ్చారా బాబూ?”

కోటిబాబుకి అనుమానం తగిలింది.

వాళ్లది చెరువుల వేలంపాటలు పాడే కుటుంబం. చేపల చెరువు లీజుకి పాట పెట్టిన రోజున ఇలాంటి మనుషులే జనంలో తిరుగుతారు. ఎవరికి ఎంత మోజుందో కనిపెట్టి అవతలి పార్టీ చెవిన వేస్తారు. అందుకే తండ్రి బాబూరావు కోటిబాబుకి ఒక్కటే నేర్పాడు. కావాల్సిన చెరువుని నలుగురిలో తిట్టిపొయ్యాలి.

“ఊరికే చూద్దామని వచ్చా.”

“నచ్చిందాండి?”

“ఏముంది నచ్చటానికి? పాత ఇనుము.”

ముసలాయన ముఖం చిన్నబోయింది.

“తీసుకుంటే ఏం చేస్తారండి?”

“దీన్ని నడిపేదెవడు? ముక్కలు చేసి అమ్ముకుంటా. ఇంజను బొంబాయి పోద్ది. రేకులు తూకానికి పోతాయి.”

ఆ మాట అంటుంటే కోటిబాబుకే ప్రాణం ఉసూరుమంది. అయినా తగ్గలేదు.

“బాగా నడుస్తుందండి. ఒక్కసారి స్టార్టు చేయించి వింటే...”

“నిన్నెవరు పంపించారు?”

ముసలాయన కారు చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగి, గేటు దాటి వెళ్లిపోయాడు.

ఎత్తు పారిందని కోటిబాబు లోలోపల మురిసిపోయాడు.

వేలంలో పేరు నమోదుకి శుక్రవారం సాయంత్రం దాకా గడువు. అప్పటికి పదహారుమంది చేరారు. ఆఖరి గంటలో పదిహేడో నంబరు చేరింది. పేర్లు కనిపించవు, నంబర్లే.

శనివారం మూడున్నర. కంప్యూటరు ముందు కోటిబాబు, వెనక దుర్గాభవాని.

పద్దెనిమిది లక్షల దగ్గర అందరూ జారుకున్నారు. ఇద్దరే మిగిలారు.

కోటిబాబు పద్దెనిమిదిన్నర అన్నాడు. పదిహేడో నంబరు పందొమ్మిది.

పందొమ్మిదిన్నర. ఇరవై.

“ఎవరండీ ఇతను? ఊపిరి తీసుకోనివ్వట్లేదు.”

“డబ్బు చేసినోడెవడో. మోజు తీరగానే మూల పడేస్తాడు.”

ఆఖరి రెండు నిమిషాల్లో ఎవరు పెంచినా గడువు ఇంకో రెండు నిమిషాలు పెరుగుతుంది. నాలుగు దాటింది. నాలుగుంబావు దాటింది. అరచేతుల చెమటకి మౌసు జారిపోతోంది.

పాతిక లక్షలు అతని హద్దు. పాతిక కొట్టాడు.

నిమిషం మిగిలింది. యాభై సెకన్లు. నలభై. అవతల కదలిక లేదు.

“వచ్చేసింది భవానీ.”

పదకొండు సెకన్లుండగా పదిహేడో నంబరు పాతికన్నర వేసింది.

కోటిబాబు చెయ్యి మళ్లీ మౌసు మీదికి పోయింది. దుర్గాభవాని ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

“ఇక చాలండి. ఉన్న ఒక్క బండీ పోద్ది.”

రెండు నిమిషాలు ఇద్దరూ తెర వంక చూస్తూ కూర్చున్నారు. కారు పోయింది.

కోటిబాబు పెళ్లాం ముందే పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆదివారం ఇక ఉండబట్టలేక, బాపట్ల యార్డు చూసే జనార్దనరావుకి ఫోన్ చేశాడు.

“గెలిచినాయన నంబరిస్తారా సార్? బేరానికి కాదండి. అప్పుడప్పుడూ వచ్చి చూసుకోనిస్తారేమో అడుగుతా. ఆ కారంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి.”

“అయ్యో, మీలాంటాయన ముందే ఎదురుపడితే ఆయన పాటలోకే దిగేవాడు కాదండి.”

“ఏంటండీ?”

“రేపల్లెలో బాలస్వామని, పెద్దాయన. బుధవారం ఆఖరిసారి చూసుకుపోదామని వచ్చాడు. కొనేవాడికి ఆ బండంటే ఇష్టముంటే చాలు, నెలకోసారి వెళ్లి పైసా తీసుకోకుండా చూసిపెడతానని పొద్దున్నే నాతో అన్నాడు.”

కోటిబాబు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

“ఎవడో దాన్ని ముక్కలు చేసి అమ్ముతానన్నాడంట. ఆ రోజు అన్నం కూడా తినలేదు. ఉన్న షెడ్డూ స్థలమూ రెండు రోజుల్లో పక్కవాళ్లకి అమ్మేసి, వేలంలో పేరు రాయించుకున్నాడు.”

“ముక్కలు చేస్తే ఆయనకేంటండీ?”

“ఏంటంటారేంటండీ? తుప్పు పట్టి పడున్న దాన్ని పదకొండేళ్లు ఒంటిచేత్తో, నట్టు నట్టూ విప్పి కట్టి, మళ్లీ రోడ్డెక్కించిన మెకానిక్కు ఆయనే.”