తెరేసా తీసుకున్న కంపాస్

పదో తరగతి లెక్కల పరీక్షనాడు తన దగ్గర తీసుకున్న కంపాస్‌ని తెరేసా తిరిగివ్వడం మరిచిపోయిందా, కావాలనే ఉంచేసుకుందా? ఈ సందేహం రామతులసిని ఇన్నేళ్లుగా వదల్లేదు. ఆ రోజు తను చేతిగాజు పెట్టి వృత్తం గీసింది. లెక్కలు బట్టీపట్టే తెరేసాకి తనకన్నా రెండు మార్కులు ఎక్కువొచ్చాయి.

ఇప్పుడదే తెరేసా కనకాలపేటలో, రామతులసి ఇంటికి నాలుగిళ్ల అవతల, ట్యూషన్ చెబుతోంది. రామతులసి కూతురు సాయిదివ్య నోట పొద్దస్తమానం ఆ మిస్ మాటే.

బడిలో ఈమధ్యే చదువంతా ఇంగ్లీషులోకి మారింది. రామతులసి చదువుకున్న చరరాశి, గుణకం, సజాతి పదాలు పోయి, వాటి చోట ఆమెకు నోరు తిరగని పేర్లొచ్చాయి. చర్చి సిస్టర్ల దగ్గర పెరిగిన తెరేసాకి ఇంగ్లీషు మంచినీళ్లప్రాయం.

దానికి తోడు కూతురు రోజూ బడి నుంచి వచ్చి, ట్యూషన్‌కి వెళ్లేముందు, అటుకులు తింటూ తల్లికి పరీక్ష పెట్టేది.

"అమ్మా, కోఎఫిషియెంట్ అంటే ఏంటో చెప్పు."

"నాకేం తెలుసే?"

"ఐదు ఎక్స్ ఉందనుకో. ఎక్స్ ముందున్న ఆ ఐదు."

"ఓస్, గుణకమా?"

రొయ్యలు ఒలుస్తూనే చెప్పింది రామతులసి. ఒకేలాంటి బుట్టలు ఐదున్నాయి. ఒక్కో బుట్టలో ఎన్ని రొయ్యలున్నాయో తెలీదు, అది చరరాశి. ఎన్ని బుట్టలో చెప్పే ఐదు గుణకం. ఇంకోరోజు రెండు ఎక్స్, మూడు ఎక్స్ లాంటి లైక్ టెర్మ్స్ గురించి అడిగితే, రొయ్యల బుట్టల్ని రొయ్యల బుట్టలతోనే కలుపుతాం, పీతల బుట్టలతో కలపం, అదే సజాతి, విజాతి అంది. సాయిదివ్య మళ్లీ చెప్పమని రెండోసారి కూడా చెప్పించుకుంది. ఎక్కడ తప్పు దొర్లుతుందా అని చూస్తోందనుకుంది తల్లి.

చీకటి పడ్డాక ఎగురుకుంటూ వచ్చేది పిల్ల.

"ఇవాళ మిస్ ఎంత బాగా చెప్పేరో అమ్మా. ఎప్పుడూ సున్నాలు తెచ్చుకునే శివకుమార్‌కి కూడా అర్థమైపోయింది."

"మరి నేను చెప్పింది?"

"అదీ బాగుంది. కానీ మిస్ ఇంగ్లీషులో చెప్పేరు కదా."

రామతులసి దీపం పెడుతూ వెంకన్నతో చెప్పుకునేది. ఒకరి విద్య చూసి కుళ్లుకోవడం పాపమని తెలుసు స్వామీ, తెలిసి కుళ్లుకుంటే ఇంకా ఎక్కువ పాపమా?

క్వార్టర్లీ లెక్కల్లో సాయిదివ్యకి క్లాసులో మొదటి మార్కు వచ్చింది. పేపరు చేత్తో పట్టుకుని, అరుగు మీదున్న తల్లిని దాటుకుని, తిన్నగా తెరేసా ఇంటికి పరిగెత్తింది.

ఇక రామతులసి ఆగలేకపోయింది. పిల్లలంతా వెళ్లేదాకా ఉండి, కొంగు బిగించి వెళ్లింది. తెరేసా ఒక్కతే బోర్డు తుడుస్తోంది.

"రేపట్నించి సాయిదివ్యని పంపను తెరేసా. ఇంట్లో నేనే చెప్పుకుంటాను. పేర్లు రావు గానీ లెక్క నాకూ వచ్చు."

తెరేసా లోపలికెళ్లింది. మరియమ్మ పటం వెనక నుంచి ఏదో తీసుకొచ్చి రామతులసి చేతిలో పెట్టింది. తుప్పుపట్టిన కంపాస్. కాలికి అప్పట్లో రామతులసి చుట్టిన ఎర్రదారం వెలిసిపోయినా ఊడలేదు.

"ఆ రోజు నిజంగానే మరిచిపోయేనే. మార్కులొచ్చేక ఇద్దామంటే సిగ్గేసింది. తీసుకో."

దారం తడిమి చూసుకుంది రామతులసి. అయినా మనసు చల్లబడలేదు.

"ఇది ఇచ్చేవు సరే, నా కూతుర్ని ఎప్పుడిస్తావు? రోజూ సందేహాలు పట్టుకొచ్చి నాకే పరీక్ష పెడుతోంది. ఒకటికి రెండుసార్లు అడుగుతోంది. నువ్వు నేర్పిందే కదా?"

తెరేసా తల వంచుకుంది.

"నాకు పేర్లు వచ్చు గానీ లెక్క రాదు. ఆ సందేహాలు నావే తులసీ."