కూడలిలో ఎడమ చెయ్యి

"మళ్ళీ పెట్టు పెద్దాయనా," అన్నాడు గుమస్తా.

చక్రాల కుర్చీలోని ముసలాయన ఎడమ బొటనవేలు చొక్కాకి తుడుచుకుని యంత్రం మీద ఆనించాడు. ఎర్రదీపమే వెలిగింది. ఇది పదకొండోసారి. ముప్ఫై ఏళ్ళు కొలిమి దగ్గర కంచు కరిగించి పోతపోసిన వేలది. గీతలన్నీ ఎప్పుడో కాలిపోయి గోలీకాయలా నున్నగా ఉంది.

పొద్దున్నే ముసలాయన ఇల్లు పడగొట్టేశారు. మంచం, స్టవ్వు రోడ్డు మీదున్నాయి. దానికి బదులుగా ఇచ్చే గది తాళంచెవి గుమస్తా సొరుగులో ఉంది. పాత ఇంటి కాగితం మీది వేలిముద్రతో కలిస్తేనే ఇస్తారట. అయిదింటికల్లా కలవకపోతే ఆ గది వరసలో తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది. అప్పటికే నాలుగున్నర.

"నా ముద్ర ఉంది బాబూ. ఆ కిటికీలోంచి చూడు," అన్నాడు ముసలాయన.

కిటికీ అవతల కూడలిలో లారీ అంత కంచు చెయ్యి వెల్లకిలా పరుచుకుని ఉంది. ఊరికి అదే గుర్తు. బస్సెక్కి 'చెయ్యి దగ్గర ఒకటి' అంటే చాలు, కండక్టర్ టికెట్ చింపేస్తాడు. వేలి గీతలింకా కాలిపోని రోజుల్లో, దాన్ని చేసిన శిల్పి ఈ ముసలాయన ఎడమచేతికే ప్లాస్టర్ ముద్ద పూసి అచ్చు తీశాడట, గీతగీతా పెంచి ఈయనచేతే పోత పోయించాడట. వేళ్ళ మీద గీతలు దారాల్లా లేచి కనబడతాయట.

"అయితే ఇన్నాళ్ళూ ఊరంతా నీ అరచేతిలోనే ఉందన్నమాట," అని నవ్వాడు గుమస్తా.

వెనక నుంచున్న కూతురు నవ్వలేదు. పనిలోంచి అలాగే వచ్చేసింది, మున్సిపాలిటీ నీలం కోటైనా విప్పలేదు.

"వద్దు నాన్నా, ఇంటికి పోదాం," అంది. ఏ ఇంటికో ఆమెకే తెలియాలి.

మాటలు విని లోపలి గదిలోంచి వచ్చిన అధికారి మనసున్నవాడు. ఆ కంచు బొటనవేలిని ఫోటో తీసి కాగితం మీది ముద్రతో పోల్చి చూస్తానన్నాడు. కలిస్తే తన పూచీ మీదే తాళంచెవి ఇప్పిస్తానన్నాడు. కాళ్ళు పడిపోయి ఆరేళ్ళుగా అటు వెళ్ళని ముసలాయనకి ప్రాణం లేచొచ్చింది. కూతురు మాత్రం కుర్చీ కదపలేదు. చివరికి గుమస్తాయే తోసుకెళ్ళాడు.

ఆఫీసు వైపుకి చిటికెనవేలే కనబడుతుంది. చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళారు. అధికారి ఫోన్ ఎత్తి అలాగే ఉండిపోయాడు. అద్దంలా మెరుస్తున్న ఆ బొటనవేలిలో ఆయన మొహమే కనబడుతోంది. మచ్చుకైనా ఒక్క గీత లేదు.

ముసలాయన చెయ్యి చాపి తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"ఎవరండీ దీన్ని ఇంతలా అరగదీసింది?" అన్నాడు అధికారి.

కూతురు కోటు జేబులోంచి మెరుగుపెట్టే గుడ్డ తీసి కళ్ళు ఒత్తుకుంది.

"నేనే నాన్నా. నీ వేలు కదా అని, రోజూ దాన్ని ఇంకొంచెం ఎక్కువ రుద్దేదాన్ని."