ఆ నంబరు

తాయారు ఉద్యోగంలో చేరిన మూడో రోజున, షిప్పింగ్ కంపెనీ కంప్యూటర్ గదిలో ఆపరేటర్ లతీఫ్ ఆమెకు తెర చూపించాడు.

“వదినా, ఈ ప్రోగ్రాం ఆర్నెల్లుగా ఆగకుండా నడస్తంది. మిషను మిగతా పన్లు సెయ్యట్లేదు. ఆపెయ్యి.”

“నువ్వే ఆపొచ్చు గదా బాబూ?”

“నా మాట ఇనదు. మొదలెట్టినోలే ఆపాల. ఎవురి పనైనా ఆపే పెద్ద పాస్‌వర్డు మద్రాసు ఆఫీసోల దగ్గరుంది. సూడు, పక్కన నీ పేరే ఉంది.”

“నాను మొదలెట్టనేదే!”

లతీఫ్ తల దించుకున్నాడు.

“మిషను మనిషిని నంబరుతోనే గుర్తుపడతాది. అన్నయ్య పోయాక, ఉద్యోగంతోపాటు ఆయన నంబరూ నీకే ఇచ్చేశారు.”

భర్తను లారీ గుద్దిన రోజు పొద్దున ఆయన మొదలుపెట్టి వెళ్ళిన పని అది.

“ఇంకొక్క రోజు ఉంచకూడదా బాబూ?”

“ఆఫీసరు ఇప్పుడే ఆపమన్నాడు వదినా.”

తాయారు మీట నొక్కింది. పని ఆగిపోయింది.

ఆయనే వచ్చి ఆపాడనుకుంది మిషను.