సోమవారం ఎవరూ లోపలికి వెళ్లొద్దు

“ఒక్కరిని తీసేస్తే అందరం బయటికొచ్చేద్దాం. మనం లేకుండా వాళ్ల మిషన్లు ఎట్లా నడుస్తాయో చూద్దాం!”

గోడ అవతల నుంచి వినపడ్డ ఆ మాటకి కిరణ్మయి చేతిలో పాలసీసా ఒలికినంత పనయింది.

ఆమె కూర్చున్నది గచ్చిబౌలి ఆఫీసు నాలుగో అంతస్తులో, బాలింత ఉద్యోగినులు పాలు పిండుకోవడానికి ఇచ్చిన గదిలో. గది అని పేరేగానీ పక్క మీటింగ్ రూముకీ దీనికీ మధ్య ఉన్నది ఒక చెక్క అడ్డం, అంతే. అక్కడ తుమ్మితే ఇక్కడి నుంచి చిరంజీవ అనొచ్చు.

మాట్లాడుతున్నది టెస్టింగ్ టీమ్ వేణు. సీట్లో ఉన్నంతసేపూ నోట్లో నాలుక లేనట్టుండే మనిషి. అలాంటివాడు ఎక్కడా తడబడకుండా, ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లకుండా మాట్లాడేస్తుంటే ఆమెకి ఒళ్లు పులకరించింది. కడుపు మండితే మాటలు అలాగే వస్తాయి మరి!

మండదా? మేనేజర్ హేమంత్ పుణ్యమా అని ఆ అంతస్తులో పండగ సెలవుల్లేవు, ఇంటికెళ్లే వేళ లేదు. కిరణ్మయికైతే ఇంకో వడ్డన కూడా. “సోమవారం నుంచి మీకు రాత్రి షిఫ్టు. కుదరదంటే చెప్పండి, వేరేవాళ్లని చూసుకుంటాం” అన్నాడు. చంటాడికి ఇంకా ఐదో నెల. రాత్రి తల్లి పక్కన లేకపోతే గుక్కపట్టి ఏడుస్తాడు. మొగుడు భరత్ ఉద్యోగం వేసవిలోనే ఊడింది. ఇంట్లో ఉన్నది ఇప్పుడు ఈమె జీతం ఒక్కటే. కాదనే ధైర్యం లేదు, అవుననడానికి నోరు రాదు. ఏం చేస్తుంది పాపం! మదీనాగూడలో ఇల్లు చేరేదాకా బస్సులో కళ్లు తుడుచుకోవడమే.

ఇప్పుడు ఈ గోడ పక్కన ప్రాణం లేచొచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని కాచుక్కూర్చుంది.

ఆ రోజు ఓదెలు గొంతు. మంచిర్యాల మనిషి. “ఇగ గిట్ల బతుకుడు నాతోని కాదు. పీనుగు లెక్క ఇంటికి పోతున్నం, పీనుగు లెక్క మళ్లొస్తున్నం.”

ఆ మర్నాడు అఖిల. “పసిబిడ్డ తల్లిని రాత్రి పాళీలో నిలబెడతారా? ఆ బిడ్డ ఏడుపుకి ఎవరు జవాబు చెప్తారు?” అంటూ గొంతు పెంచింది. అఖిలకి పెళ్లే కాలేదు. తన కోసం కాదు, నా కోసం మాట్లాడుతోంది ఈ పిల్ల! ప్రసవమై వచ్చాక ఆ ఆఫీసులో కిరణ్మయిని ‘తిన్నావా’ అని అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. చున్నీ నోటికడ్డం పెట్టుకుని భోరుమంది.

శుక్రవారం తేల్చేశారు.

“సోమవారం పొద్దున ఎవరూ లోపలికి వెళ్లొద్దు. గేటు బయటే నిలబడదాం. ఏదైతే అదే అవుతుంది” అన్నాడు వేణు. ఎవరో ముక్కు చీదారు.

కిరణ్మయి గబగబా బయటికొచ్చి లిఫ్టు దగ్గర వేణుని పట్టుకుంది. “నేనూ మీతోనే అండి” అంది గొంతు తగ్గించి.

అతను ఒక్క క్షణం తెల్లబోయాడు. వెంటనే మొహం విప్పారింది. “అంతకంటేనా మేడమ్! ఎంతమందిమైతే అంత బాగుంటుంది.”

ఇంకేం కావాలి? తిన్నగా హేమంత్ దగ్గరికెళ్లింది.

“రాత్రి షిఫ్టు నేను చెయ్యనండి.”

హేమంత్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. “సోమవారం తొమ్మిదికల్లా వచ్చి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టండి. లేదంటే రాజీనామా కిందే లెక్క.”

“సోమవారం చూద్దురుగాని, ఎవరెవరొస్తారో!”

అంత మాట తన నోటే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యం.

ఇంట్లో భరత్ బెంబేలెత్తిపోయాడు. “ఉన్న ఒక్కటీ పోతే ఏం తింటాం కిరణ్?”

“నేనొక్కదాన్నే కాదండీ. అందరం ఉన్నాం.”

ఆ రెండ్రోజులూ చంటాడిని గుండెల మీద వేసుకుని హాయిగా నిద్రపోయింది, పిచ్చిది.

సోమవారం అందరికంటే ముందే వచ్చి గేటు బయట నిలబడింది. తొమ్మిదయింది. ఫోన్లో హేమంత్ మెసేజ్. ‘మీ రాజీనామా ఆమోదించాం. ఐడీ కార్డు సెక్యూరిటీకి ఇచ్చేయండి.’

కిరణ్మయికి నవ్వొచ్చింది. ఎంతమందికి పంపుతావో పంపు నాయనా! మెళ్లోంచి కార్డు తీసి గార్డు చేతిలో పెట్టింది.

అప్పుడొచ్చింది కొండాపూర్ నుంచి ఆఫీసు బస్సు, ట్రాఫిక్‌లో పడీ లేచీ. వేణు దిగాడు, ఓదెలు దిగాడు, అఖిల దిగింది. కిరణ్మయి పక్కకి జరిగి వాళ్లకి చోటిచ్చింది. వాళ్లు నవ్వుతూ పలకరించి, కార్డులు చేతపట్టుకుని లోపలికెళ్లే వరసలో నిలబడ్డారు.

“అదేంటండీ, వెళ్లిపోతున్నారు? సోమవారం ఎవరూ లోపలికి వెళ్లొద్దని మీరేగా అన్నారు, ఆ గదిలో!”

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. వేణు నాలుగడుగులు వెనక్కొచ్చాడు.

“అయ్యో మేడమ్... అవి మేం భోజనాలప్పుడు పైకి చదువుకునే పాత నవల్లో మిల్లు కూలీల మాటలు, ఆ నవల కూడా శుక్రవారంతో అయిపోయింది.”