ఖాళీ గడి

స్టార్టరు గిర్రున తిరిగింది కానీ ఇంజను అంటుకోలేదు. ఇవాళ కూడా ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న ఆమెకి చెప్పేశారు.

“పాత డీజిల్ బండి, పొద్దున్నే మొండికేస్తుంది. ఉద్యోగం మానెయ్యవే అంటే వింటేగా!” గుమ్మంలోంచి భర్త నవ్వాడు.

ఆమె పిలిపించిన మెకానిక్కు తాళం సగం తిప్పి చూశాడు.

“ఇంజన్ని వేడిచేసే హీటరు లైటే వెలగట్లేదమ్మా. ఎన్నాళ్ళనుంచి?”

“నేను ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ, అన్నా.”

బానెట్టెత్తి ఫ్యూజుల పెట్టె తెరిచాడు. ఒక గడి ఖాళీగా ఉంది.

“ఇది కాలిపోలేదు,” అన్నాడు. “ఎవరో లాగేశారు.”

గుమ్మంలో నవ్వు ఆగిపోయింది. ఆమె అటు తిరిగి చూసింది. భర్త తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

“రెండు ఫ్యూజులివ్వన్నా,” అతనికి వినపడేలాగే అంది. “ఒకటి బండికి. ఇంకోటి రోజూ నా సంచిలో ఉండాలి.”